నాలుగు గీతల సందు

9, మంగళవారం

కళ్లజోళ్ల కంపెనీ వాళ్లు మా ఆయన పనిచేసే షాపుకి ఉచితంగా ఇచ్చిన డైరీ ఇది. ఏడాది సగం గడిచాక అటక మీద దొరికింది. "నీకే పనికొస్తుంది, రాయడం తప్ప నీకేం వచ్చు గనక" అంటూ నా ఒళ్లో పడేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషన్‌లో డైరీ రాసే మనిషికి ఇంట్లో ఇంకో డైరీ! వంటమనిషికి గరిటె బహుమతి ఇచ్చినట్టుంది.

అయినా తీసుకున్నాను. ఈ మధ్య నేను నిద్రలో టైములు పలుకుతున్నానట. "పది గంటల ఐదు నిమిషాలకు డ్యూటీ అప్పగింత" అని స్పష్టంగా అన్నానని అత్తయ్య పొద్దున్నే అందరికీ చెప్పి నవ్వింది. లోపలున్నది కాగితం మీద పెడితే నిద్ర పడుతుందేమో చూద్దాం.

ఇరవై రెండేళ్ల సర్వీసు. అందులో పదిహేనేళ్లు స్టేషన్ రైటర్‌గానే. ఎవర్ని తెచ్చారు, ఎవర్ని వదిలారు, ఎవరు డ్యూటీ ఎక్కారు, ఎవరు దిగారు, అన్నీ టైముతో సహా జనరల్ డైరీలో ఎక్కించడం నా పని. నా అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయని పక్క స్టేషన్ల వాళ్లు కూడా చెప్పుకుంటారు. వాళ్లు నా దగ్గర నేర్చుకున్నది ఇంకొకటుంది. సందు. షిఫ్టు మారినప్పుడల్లా అడ్డంగా గీసి, దాని కింద నాలుగు గీతలు ఖాళీ వదులుతాను. పెద్దవాళ్లకి ఆ తరవాత ఏదైనా గుర్తొస్తే అందులో ఇమిడిపోతుంది. పేజీ చింపక్కర్లేదు, కొట్టివేతలు అక్కర్లేదు. పదిహేనేళ్లలో ఒక్క కొట్టివేత లేని రిజిస్టరు నాది.

ఈ డైరీలో మాత్రం సందులు వదలను. ఎవరి కోసం వదలాలి?

10, బుధవారం

కొత్త చట్టం మీద క్లాసు. ఒకటో తారీఖు నుంచి అమలు. ప్రతి గదిలో కెమెరా. మనిషి మీద చెయ్యి వేసిన నిమిషం నుంచి రాత. పోలీసు మీద ఫిర్యాదొస్తే పోలీసులు కాదు, బయటివాళ్ల సంఘం ఒకటి విచారిస్తుంది. ఇక ఏడో సెక్షన్: హింస జరుగుతుంటే చూసి ఊరుకున్న ఉద్యోగి కూడా శిక్షార్హుడే. పాఠం చెప్పే లాయరు అది రెండుసార్లు చదివాడు. వెనక వరసలోంచి ఎవరో "అయితే ఇకనుంచి కళ్లజోళ్లు తీసేసి డ్యూటీ చెయ్యాలన్నమాట" అన్నారు. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి, మీ షాపు మూతబడేట్టుందని మా ఆయనకి చెబితే ఆయనా నవ్వారు.

అలవాటు పడటానికని స్టేషన్‌కొక రసీదు పుస్తకం ఇచ్చారు. లోపలున్న మనిషి కోసం ఇంటివాళ్లు ఏం తెచ్చినా, టైము వేసి రసీదు ఇవ్వాలి. కార్బన్ పెట్టి రాస్తే పై కాగితం వాళ్లకి, నకలు మనకి. నంబర్లు ముందే అచ్చేసి ఉన్నాయి. మిగతా షిఫ్టుల వాళ్లు దాని అట్ట మీద టీ గ్లాసులు పెడుతున్నారు. నేను మాత్రం అప్పుడే వాడటం మొదలుపెట్టాను. కొత్త పుస్తకం, కొత్త కార్బన్ కనబడితే నాకు చెయ్యి ఊరుకోదు. అదొక పిచ్చి.

12, శుక్రవారం

తలనొప్పి. త్వరగా పడుకున్నాను. రాయడానికేం లేదు.

13, శనివారం

స్టేషన్‌లో అలమరాలన్నీ సర్దాను. పాత రిజిస్టర్లు దులిపి, ఏడాదివారీగా కట్టలు కట్టాను. ఎవరూ చెయ్యమనలేదు. ఊరికే.

నిన్నటి సంగతి రెండు ముక్కల్లో రాసి పడేస్తాను. మార్కెట్ మూల గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసే అతన్ని తెచ్చారు. ఎవరింట్లోనో తాళం పగలకుండా దొంగతనం జరిగింది. పగల్లేదంటే చెవి చేసినవాడి పనేనని మా ఎస్సైగారి ఊహ. సాయంత్రం ఐదూ ఇరవైకి పట్టుకోబోతే అతను ఎస్సైగారి మీద తిరగబడ్డాడు. పారిపోతూ కిందపడ్డాడు. కుడిచేతి వేళ్లు మూడు విరిగాయి. ఆస్పత్రికి పంపి, పోలీసు మీద దాడి కేసు కట్టి, రిమాండ్ చేశారు. దొంగతనం చేసింది ఆ ఇంటి మేనల్లుడేనని నిన్ననే తేలింది. అయితే ఏం, దాడి దాడే కదా.

ఇది రిజిస్టర్‌లో ఉన్నది. రాసింది నేనే. నేనేమీ చూడలేదు.

ఎస్సైగారికి వెనకాల మేం పెట్టుకున్న పేరు మెత్తనాయన. ఎప్పుడూ గొంతు పెంచరు. తెచ్చినవాణ్ని కూడా "నాన్నా" అనే పిలుస్తారు.

నా అలమరా తాళంచెవి రెండేళ్ల కింద చేసింది కూడా అతనే, ఆ గొడుగు కింద మనిషి. పది నిమిషాల్లో చేసిచ్చాడు. ఎందుకు రాస్తున్నానో ఇది.

అలమరాలో ఒక కారియర్ ఉండిపోయింది. వాసనొస్తోందని ఇంటికి తెచ్చాను. అత్తయ్య మూతలు తీసి చూసింది. పై గిన్నెలో అన్నం, మధ్య గిన్నెలో కూర, కింద ఒలిచి గాట్లు పెట్టి ఉప్పూ కారం చల్లిన గుడ్లు రెండు. మెతుకు కూడా కదల్లేదు.

"ఎవరిదమ్మాయ్ ఇది? తినలేదా?"

"ఎవరో మర్చిపోయి వెళ్లారు అత్తయ్యా."

"గుడ్డు ఒలిచి మరీ పెట్టింది చూడు" అంది అత్తయ్య. అంతా పారబోసి, మూడుసార్లు తోమింది.

15, సోమవారం

అతని భార్య వచ్చింది. స్కూల్లో ఆయా. యూనిఫాం మీదే వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మేడం, మా ఆయన్ని పదకొండింటికే తెచ్చారండి. గొడుగు కిందనుంచే జీపెక్కించారు. నేను ఒంటిగంటకి అన్నం పట్టుకొచ్చాను. మీకే ఇచ్చాను. గుర్తులేదాండీ?"

"రోజుకి వందమంది వస్తారమ్మా."

"అవునండీ, వందమంది వస్తారు."

వెటకారం కాదు. నిజంగానే ఒప్పుకుంది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

"కాయితంలో ఐదూ ఇరవై అని ఉందంట. సర్కారు పెట్టిన లాయరుగారు చదివి చెప్పారు. పొద్దున్నుంచీ మీ దగ్గరే ఉన్న మనిషి ఐదింటికి రోడ్డు మీద తిరగబడటం ఏంటక్కా?"

మేడం పోయి అక్క వచ్చింది. కాగితంలో ఏముంటే అదేనమ్మా, నాకేం తెలుసు, పెద్దసార్‌ని అడుగు అన్నాను. పెద్దసార్, అంటే మా ఇన్‌స్పెక్టర్‌గారు, లేరు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంది. పోతూ పోతూ, "నా కారియర్ ఉందా అక్కా?" అని అడిగింది.

లేదన్నాను. ఎందుకన్నానో! మా ఇంట్లో గట్టు మీద బోర్లించి ఉంది. రేపు తెచ్చిస్తానంటే నా సొమ్మేం పోయేది?

16, మంగళవారం

మళ్లీ వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. నేను తలెత్తలేదు.

18, గురువారం

ఇన్‌స్పెక్టర్‌గారు గదిలోకి పిలిచి తలుపు వెయ్యమన్నారు. వేశాను.

"ఆ తాళాలతని భార్య పై ఆఫీసుకి అర్జీ పెట్టిందమ్మా. పదకొండింటికే తెచ్చామంటోంది. మన దగ్గర కాగితం మీద ఏమన్నా ఉందా?"

"లేదు సార్."

"నీ రఫ్ పుస్తకంలో?"

"రోజూ చింపేస్తాను సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఆ రోజు నీ సందే లేకపోతే మనం ఏమయ్యేవాళ్లం! ఈ స్టేషన్‌ని నిలబెడుతున్నది నువ్వేనమ్మా, నేను కాదు" అన్నారు. అత్తయ్యకి ఆపరేషన్ అయినప్పుడు అడక్కుండానే పదిరోజులు సెలవిచ్చి, ఆస్పత్రికి జీపు పంపిన మనిషి ఆయన. అది నేను ఈ జన్మకి మర్చిపోను.

రసీదు పుస్తకం సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదు. నిజంగానే తట్టలేదు.

19, శుక్రవారం

అబద్ధం. ఆయన "కాగితం మీద" అన్నారు చూడు. అప్పుడే తట్టింది.

రసీదు నంబరు ఏడు. స్టీలు కారియర్ ఒకటి, గిన్నెలు మూడు. ఎవరి కోసం అన్నచోట అతని పేరు. తెచ్చినవారు: భార్య. టైము ఒంటిగంటా పది. కింద నా సంతకం, తోకతో సహా. మనిషి లోపల లేకపోతే అతని కోసం అన్నం ఎందుకు తీసుకుంటాను? చిన్నపిల్లలు కూడా అడుగుతారు ఆ ప్రశ్న.

నా పిచ్చే నా కొంప ముంచింది. స్టేషన్ మొత్తంలో ఆ పుస్తకం వాడిన మనిషిని నేనొక్కదాన్నే.

పన్నెండో తారీఖు పేజీ తిప్పి చూశాను. ఒక్క లైను. కిందంతా తెలుపు. సందులు వదలనని మూడు రోజుల ముందే రాసుకున్నాను కదా. ఎంత ముచ్చటగా రాసుకున్నాను!

22, సోమవారం

డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడితే ఆయా కూడా అక్కడే ఉంది. తప్పుకుందామంటే ఒకటే షెల్టరు. పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.

మూడు వేళ్లూ ఇక ముడవవని డాక్టరు చెప్పాడట. తాళంచెవులు అరగదీసే ఆకురాయి పట్టలేని చెయ్యి. బెయిలు ఒకసారి అడిగితే రాలేదట. దాడి కేసు రుజువైతే ఏడేళ్లు పడొచ్చని లాయరు అన్నాడట. "చెయ్యి పోయినా ఫర్లేదక్కా, గొడుగు కింద నేను కూర్చుంటాను, ఆయన చెబితే నేను ఆకురాయి పడతాను. మనిషి బయటికొస్తే చాలు" అంది. అదేదో బజారుకెళ్లే పని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నేను అటూ ఇటూ చూసి, "ఆ రోజు నీకు చీటీ ఏమన్నా ఇచ్చానా?" అన్నాను.

"చీటీనా?" నుదురు రుద్దుకుంది. "ఇచ్చారు! యూనిఫాం జేబులో పెట్టుకున్నాను. చూసుకోకుండా ఉతికేశానక్కా, ముద్దయిపోయింది. అది పనికొచ్చేదా ఏమన్నా?"

"అబ్బే. ఊరికే అడిగాను."

గుండెల మీంచి బండ దించినట్టయింది. బస్సులో కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక మిగతా లెక్క తట్టింది. ఆమె దగ్గరున్నది పోయింది కాబట్టి ఇక ఉన్నది నా దగ్గరున్న నకలొక్కటే. అతను బయటికి రావాలంటే నా అలమరా తెరుచుకోవాలి. అంతే. మధ్యలో ఇంకెవరూ లేరు.

24, బుధవారం

మా ఆయనకి చెప్పేశాను. అద్దం తుడుస్తూ విన్నారు. ఎవరి కళ్లజోడో ఇంటికి తెచ్చుకున్నారు.

"ఇంకెవరికైనా తెలుసా ఆ రసీదు సంగతి?"

"లేదు."

"అయితే లేదనుకో."

"ఉంది కదండీ."

"ఉంటే ఉంది! అంతమంది ఉన్న స్టేషన్‌లో నీ ఒక్కదానికే పట్టిందా? కొట్టింది నువ్వా? ఆ ఐదూ ఇరవై నీ బుర్రలోంచి పుట్టిందా? రేపు నిన్ను రోడ్డు మీద నిలబెడితే ఆ ఇన్‌స్పెక్టర్ జీపు పంపిస్తాడా?" ఆయన గొంతు పెంచడం పెళ్లయ్యాక ఇది మూడోసారో నాలుగోసారో. కోపం కాదు, భయం. నాకు తెలుసు. నాకూ అదే.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా వింది. చెవులు సరిగ్గా వినబడవని అంటుంది గానీ కావలసినవి భేషుగ్గా వినబడతాయి. మా ఆయన విసురుగా బయటికి వెళ్లాక నా పక్కన కూర్చుంది.

"ఆ డబ్బా అతనిదేనా?"

"ఆఁ."

"మరి నువ్వెందుకివ్వలేదు అతనికి?"

"తరవాత ఇద్దురుగాని అన్నారు ఎస్సైగారు. వెనక గదిలో ఉన్నాడు."

"మరి తరవాత?"

తరవాత అతనికి చెయ్యి లేదు అత్తయ్యా అని ఎలా చెప్పను?

"అయితే పొద్దున్న ఇంట్లో తిన్నదే" అంది అత్తయ్య. లేచి వెళ్లిపోయింది.

27, శనివారం

క్లాసులో పాఠం చెప్పిన లాయరుకి ఫోన్ చేశాను. స్టేషన్‌లో ఒకరికి సందేహం వచ్చిందని చెప్పి అడిగాను. ఆయన నవ్వాడు. "ఒకటో తారీఖుకి ముందు జరిగిన వాటికి ఏడో సెక్షన్ వర్తించదమ్మా. మీ వాళ్లని నిశ్చింతగా ఉండమనండి" అన్నాడు.

నిశ్చింతగా ఉండాలి మరి. ఎందుకో ఏడుపొచ్చింది. చట్టం వచ్చి నా మెడ మీద కత్తి పెడితే, తప్పక చెప్పాను సార్ అని ఇన్‌స్పెక్టర్‌గారితో అనొచ్చని ఎక్కడో ఆశపడ్డానేమో. చట్టం నన్ను వదిలేసింది. ఇక ఏం చేసినా నా అంతట నేను చేసిందే అవుతుంది.

అయినా నేను చూడలేదు కదా. సెక్షన్ వర్తించినా చూసి ఊరుకున్నవాళ్లకే. నేను చూడలేదు.

29, సోమవారం

మెత్తనాయన నా బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఒకటో తారీఖుకి స్టేషన్ అద్దంలా ఉండాలమ్మా. అక్కర్లేని పాత కాగితాలన్నీ రేపు పెరట్లో తగలబెట్టించెయ్యండి."

"అలాగే సార్."

"క్లాసులో ఇచ్చిన రసీదు పుస్తకం ఒకటుండాలి. కొత్తవి వస్తున్నాయిగా. అదీ అందులో వేసెయ్యండి." కుర్చీ వెనక్కి జరిపి, "అత్తగారి ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నారు.

"బాగానే ఉందండి."

"జాగ్రత్తగా చూసుకోండమ్మా. పెద్దవయసు."

ఒక్క మాట కూడా తప్పు మాట కాదు. ఆయన లేచి వెళ్లాక అలమరా తాళం పడి ఉందో లేదో లాగి చూశాను. అంటే పుస్తకంలో ఏముందో చూశారా, చూడలేదా? చూసుంటే ఈపాటికి తనే చింపేవారు. నా చేతే కాల్పించాలనుకున్నారేమో.

30, మంగళవారం

ఏడో నంబరు నకలొక్కటి చింపి తెచ్చుకుందామనుకున్నాను మొదట. రైటర్‌ని కదా, నాకు తెలియదా? చింపిన కాగితానికి విలువ లేదు. ముందు ఆరు, వెనక ఎనిమిది ఉంటేనే ఏడుకి విలువ. తెస్తే పుస్తకం మొత్తం తేవాలి.

పొద్దున ఆయా కారియర్‌లోనే నా అన్నం సర్దుకెళ్లాను. అత్తయ్య చూసింది. మధ్యాహ్నం తిని, గిన్నెలు కడిగి, తుడిచి, పుస్తకాన్ని మధ్యకి మడిచి మధ్య గిన్నెలో కుక్కాను. అట్ట విరిగింది. మూత పట్టలేదు, మోచేత్తో నొక్కాను. పెరట్లో మంట మండుతోంది. ఇన్‌స్పెక్టర్‌గారు జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ టిక్కు పెడుతున్నారు.

"రసీదు పుస్తకం?"

"పడేశాను సార్."

టిక్కు పెట్టారు. పదిహేనేళ్లలో నేను ఆయనకి చెప్పిన రెండో అబద్ధం అది, మొదటిది ఆ రోజు గదిలో చెప్పిన 'లేదు సార్'. ఆయన కోసం చెప్పినవి లెక్కలోకి రావు.

గేటు దగ్గర సెంట్రీ నా సంచి వంక చూశాడు. ఆడమనిషి అన్నం డబ్బా ఎవడు తీసి చూస్తాడు? "ఏంటక్కా స్పెషలు?" అన్నాడు. "నీకేం మిగల్చలేదురా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

1, బుధవారం

కొత్త చట్టం రోజు. పైనుంచి పెద్ద అధికారి వచ్చి కెమెరాలు ప్రారంభించారు. అందరం ఇస్త్రీ బట్టల్లో నిలబడి ఫోటో దిగాం. వెనక గదిలో పాత బల్ల తీసేసి కొత్తది వేశారు. దీనికి సొరుగు లేదు.

ఆ మాట ఇక్కడితో ఆపుతున్నాను.

3, శుక్రవారం

సోమవారం బెయిలు మీద విచారణ. జనరల్ డైరీ పట్టుకుని రైటరే రావాలని కోర్టు కబురు. "అందులో ఉన్నది పైకి చదివితే చాలమ్మా, ఇంకొక్క ముక్క మాట్లాడక్కర్లేదు" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. నిజమే. చదవడమే కదా. రాయడం ఎప్పుడో అయిపోయింది.

5, ఆదివారం

అత్తయ్య పుస్తకం తీసి పక్కన పెట్టి, కారియర్ మళ్లీ తోమింది. ఆరాక పుస్తకం తనే లోపల పెట్టింది. మా ఆయన చూశారు. పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయారు.

6, సోమవారం

చిన్న కోర్టు హాలు. ఫ్యాను ఒకటే తిరుగుతోంది. అతను కటకటాల అవతల నిలబడ్డాడు, కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో మోస్తూ. ఆయా చివరి బెంచీలో ఉంది. మెత్తనాయన ముందు వరసలో.

ప్రమాణం చేశాను. ఐదూ ఇరవై ఎంట్రీ చదివాను. గొంతు వణకలేదు, పదిహేనేళ్ల అలవాటు. మేజిస్ట్రేట్‌గారు రాసుకుని, "సరే, వెళ్లొచ్చు" అన్నారు. మెత్తనాయన నా వంక చూసి చిన్నగా తలూపారు. బాగా చదివావు నాన్నా అన్నట్టు. దిగడానికి రెండే మెట్లు.

"ఇంకొక పుస్తకం ఉందండి" అన్నాను.

కారియర్ బల్ల మీద పెట్టి తెరిచాను. క్లిప్పు శబ్దం హాలంతా వినబడింది. ఎవరో నవ్వారు కూడా, అన్నం డబ్బా తెరుస్తున్నానని. మధ్య గిన్నెలోంచి తీసి, అట్ట సాపు చేసి, ఇచ్చాను.

"ఏడో నంబరు చూడండి."

చూశారు. ఆ పుస్తకమూ ఈ పుస్తకమూ పక్కపక్కన పెట్టుకున్నారు. "రెండూ ఒకే చేతిరాత."

"నాదేనండి."

"అతను ఒంటిగంటకి లోపలున్నాడా? ఐదూ ఇరవైకి పట్టుకున్నారా? ఏది నిజం?"

"ఒంటిగంట నిజం. ఐదూ ఇరవై ఆ తరవాత రాసింది. షిఫ్టు కింద నాలుగు గీతలు ఖాళీ వదుల్తాను. అందులో రాశాను. ఇన్‌స్పెక్టర్‌గారు రాయమన్నారు, నేను రాశాను."

"చెయ్యి ఎలా విరిగిందో చూశారా?"

"చూడలేదండి."

అది నిజం. ప్రమాణం చేసి చెప్పిన నిజం.

సొంత పూచీకత్తు మీద అక్కడికక్కడే బెయిలు ఇచ్చారు. రెండు పుస్తకాలూ కోర్టు దగ్గరే ఉంచుకున్నారు. సాయంత్రం కాకముందే నా సస్పెన్షన్ కాగితం వచ్చింది. దాని మీద నా తరవాతి రైటర్ అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. కోర్టు మెట్ల కింద మా ఆయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. షాపు ఎగ్గొట్టి వచ్చారు. "ఎక్కు" అన్నారు. ఆ ఒక్క మాటకి కళ్లనీళ్లు ఆగలేదు.

కానీ అంతకుముందు వరండాలో వాళ్లిద్దరూ ఎదురొచ్చారు. ఆయా నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, మీరే లేకపోతే..." అని ఏడ్చేసింది. కారియర్ తన చేతికిచ్చాను. "లేదన్నాను అప్పుడు, ఉంది" అన్నాను. తను అది వినిపించుకోలేదు.

అతను నా వంక చూశాడు. "మేడం, అలమరా తాళం సరిగ్గా పడుతోందా?"

"పడుతోంది."

"కొంచెం పట్టేసేది. నూనె వెయ్యండి అప్పుడప్పుడు."

ఇంకేమీ అనలేదు. అనొచ్చు. అనడానికి ఉంది. ఆయా ఇంకా నా చేతులు పట్టుకుని "దేవుడిలా నిలబడ్డారు" అంటుంటే అతను తల పక్కకి తిప్పేసుకున్నాడు. భార్యకి ఇంకా చెప్పలేదని అప్పుడర్థమైంది. ఈ భూమ్మీద అది తెలిసినవాళ్లు అతను, నేను, మెత్తనాయన, ముగ్గురమే.

రేపు పదింటికి ఆ బయటి సంఘం ఆఫీసు తెరుస్తారు. ఈ డైరీ పట్టుకెళ్తున్నాను. ఇచ్చేముందు ఒక పేజీ నింపాలి.

12, శుక్రవారం

(6న రాస్తున్నాను, ఖాళీగా ఉన్న చోట.)

11.05. తాళాలు చేసే వ్యక్తిని ఎస్సై జీపులో తీసుకొచ్చాడు. రాయొద్దన్నాడు. రాయలేదు.

1.10. అతని భార్య కారియర్ తెచ్చింది. తీసుకుని రసీదు ఇచ్చాను. "వేడిగా ఉండగానే ఇవ్వండి మేడం" అంది. ఇస్తానన్నాను.

3.25. వాంగ్మూలం రాయడానికి తెల్లకాగితాలు తెమ్మని వెనక గదిలోంచి ఎస్సై కేకేశాడు. కేక కూడా కాదు, మామూలు గొంతే. తీసుకెళ్లాను. బల్లకి ఆ పక్క అతను నిలబడి ఉన్నాడు. సొరుగు తెరిచి ఉంది. అతని కుడిచెయ్యి అందులో ఉంది. ఎస్సై అరచెయ్యి సొరుగు అంచు మీద ఉంది. ఎవరూ కదల్లేదు. నేను కాగితాలు బల్ల మీద పెట్టి, అంచులు సరిచేశాను.

అతను నన్ను చూసి, "మేడం, మీరుండండి" అన్నాడు.

"ఉండండి మేడం, మీరుంటే చాలు" అని రెండోసారి కూడా అన్నాడు. ఎస్సై ఏమీ అనలేదు. నేను నిలబడితే నిలబడనిచ్చేవాడేమో. నిలబడి చూస్తుంటే ఆ సొరుగు మూసేవాడు కాడేమో. నాకు పనుందన్నాను.

3.27. బయటికి వచ్చాను. తలుపు నేనే వేశాను.